చల్లబడితేనే చుక్క పుట్టేది

(పదో తరగతి విద్యార్థిని తల్లి, గుంటూరు)

ఎండ అంటే ఏమిటో గుంటూరు వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతల పేరు వార్తల్లో వినపడుతూనే ఉంటుంది. ఆ ఎండల్లోనే మిర్చి యార్డుకు టిక్కీలు లారీల మీద దిగుతాయి. ధర కోసం ఆగే రైతు తన సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేను లెక్కలు చూస్తాను. బయట నలభై దాటిన ఎండ, గది లోపల పది డిగ్రీల లోపు. ఇక్కడ చల్లదనం పని సరుకును ఉన్నది ఉన్నట్టు ఆపి ఉంచడం. ఆకాశంలో దాని పని ఇందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ చల్లబడితే తప్ప ఏదీ పుట్టదు. మండే నక్షత్రం కూడా మొదట చల్లదనంలోనే పుట్టాలి.

ఈ సంగతి నా చెవిన పడింది మా పాప వల్ల. దసరా సెలవుల్లో ఒక ప్రశ్న పట్టుకుంది. “అమ్మా, విశ్వం మొదట్లో ఉన్నది హైడ్రోజన్, హీలియం వాయువులే కదా. అవి అలా పలచగా పరుచుకుని ఉండిపోకుండా గెలాక్సీలుగా, నక్షత్రాలుగా ఎలా అయ్యాయి? వాటిని ఎవరు పోగేశారు?” దానికి తోడు ఇంకో మాట కూడా అంది. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ వద్దట, ఇలాంటివే చదువుతుందట.

ఆ రెండో మాట మా ఇంట్లో చిన్న మాట కాదు. ఆరో తరగతి నుంచీ ఫౌండేషన్ కోర్సు, ఫీజులు, ఇంజినీరింగ్ ర్యాంకు అనే ఒకే దారిన లెక్క వేసుకుంటూ వచ్చాం. మీలో చాలామంది లెక్క కూడా ఇదే అయి ఉంటుంది. మా వారు వెంటనే అడిగారు, “అది చదివాక ఏం ఉద్యోగం?” న్యాయమైన ప్రశ్నే. అయితే పిల్ల అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఏమిటో తెలియకుండా రెండో దానికి అవుననో కాదనో అనడం నాకు నచ్చలేదు. అందుకే రాత్రిళ్లు పని ముగిశాక ఇద్దరం కూర్చుని ఆ మొదటి ప్రశ్న వెంట నడిచాం. తెలుసుకున్నది మీతోనూ పంచుకుందామని ఇది రాస్తున్నాను.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. అది పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు కొంత చల్లబడి, ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు కలిసి పరమాణువులయ్యాయి. అప్పుడున్న మామూలు పదార్థంలో బరువు ప్రకారం నాలుగింట మూడు వంతులు హైడ్రోజన్, మిగతా దాదాపు అంతా హీలియం. అది అంతటా ఒకేలా పరుచుకుని ఉంది. ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా లక్షలో ఒక వంతు. ఎంత బాగా చదును చేసిన చేనైనా ఇంత సమంగా ఉండదు.

కానీ ఆ కొంచెం తేడాయే సరిపోయింది. చదును చేసిన చేలో కూడా వాన కురిస్తే నీరు ఎక్కడ కాస్త పల్లం ఉందో అక్కడికే చేరుతుంది. విశ్వంలో ఆ పల్లాలను చేసింది డార్క్ మ్యాటర్. తెలుగు పుస్తకాల్లో కృష్ణ పదార్థం అంటారు. అది కంటికి కనిపించదు, వెలుగునివ్వదు, కానీ మామూలు పదార్థం కన్నా ఐదు రెట్లు ఎక్కువ ఉంది. దాని ఆకర్షణకు చుట్టూ ఉన్న వాయువు మెల్లగా అటు జారింది. “ఎవరు పోగేశారు?” అన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. గురుత్వాకర్షణ పోగేసింది.

మిగతా సగం జవాబు దగ్గరే అసలు చిక్కు ఉంది. పల్లంలోకి పడే వాయువు వేగంగా వచ్చి ఒకదానికొకటి ఢీకొంటుంది. ఢీకొంటే వేడెక్కుతుంది. వేడెక్కిన వాయువు ఉబ్బుతుంది, బయటికి తోస్తుంది. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం చేతికి వేడిగా తగలడం పిల్లలందరికీ తెలుసు. నొక్కిన గాలి వేడెక్కుతుంది, తిరిగి నొక్కనివ్వదు. గెలాక్సీలో వాయువు కూడా అంతే. ఎంత పోగైనా ఆ వేడి పోకపోతే ఇంకా దగ్గరికి కుదించుకోదు. కుదించుకోకపోతే నక్షత్రం లేదు.

వేడి పోవాలంటే ఒకటే దారి. అది వెలుగుగా మారి బయటికి వెళ్లిపోవాలి. రెండు పరమాణువులు ఢీకొన్నప్పుడు ఆ దెబ్బ శక్తిని ఒకటి తనలో దాచుకుని, కాసేపటికి వెలుగుగా వదిలేస్తుంది. ఆ వెలుగు వాయువును దాటి పోయిందంటే, అంత వేడి తగ్గినట్టే. లక్షల ఏళ్ల పాటు ఇలా వదులుకుంటూ పోతే వాయువు చల్లబడుతుంది, కుంగుతుంది, ముద్దలవుతుంది.

తొలి నక్షత్రాల కాలంలో ఈ పని బాగా కష్టమైంది. అప్పుడు కార్బన్, ఆక్సిజన్ లాంటివి ఇంకా పుట్టలేదు. చల్లార్చే పని రెండు హైడ్రోజన్ పరమాణువులు కలిసిన అణువు ఒక్కదాని మీదే పడింది. దానితో వాయువు సున్నాకు దిగువ 70 డిగ్రీల దాకా చల్లబడగలిగేది, అంతకు మించి పెద్దగా కాదు. అందువల్ల ముద్దలు పెద్దవిగానే ఉండిపోయాయి. తొలి నక్షత్రాలు సూర్యుడి కన్నా పదుల రెట్లు, కొన్ని వందల రెట్లు బరువుతో ఉండేవని శాస్త్రవేత్తల లెక్క. అవి త్వరగా మండి, పేలి, తమ కడుపులో తయారైన కార్బన్, ఆక్సిజన్‌లను చుట్టూ చల్లాయి. ఈ కొత్త మూలకాలు, వాటితో ఏర్పడిన ధూళి వాయువును ఇంకా బాగా చల్లార్చగలవు. ఇవాళ మన పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మబ్బుల చల్లదనం సున్నాకు దిగువ 260 డిగ్రీల దగ్గర ఉంటుంది. మా కోల్డ్ స్టోరేజీ దాని ముందు పొయ్యి కింద లెక్క.

చల్లబడని వాయువు గతి ఏమిటో కూడా ఆకాశంలో కనిపిస్తుంది. వేలకొద్దీ గెలాక్సీలు గుంపుగా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. కోమా గుంపు అలాంటిది. అక్కడి గెలాక్సీల నడుమ కోట్ల డిగ్రీల వేడితో వాయువు నిండి ఉంది. ఆ గుంపులోని నక్షత్రాలన్నిటి బరువు కన్నా ఈ వాయువు బరువే ఎక్కువ. అయినా అక్కడి పెద్ద గెలాక్సీల్లో కొత్త చుక్కలు పుట్టడం దాదాపు ఆగిపోయింది. సరుకు లేక కాదు. ఆ వేడి తగ్గక.

మరి తొలి గెలాక్సీలు తమకు కావలసిన వాయువును అంత వేగంగా ఎలా చేర్చుకున్నాయి? వాటిలో చాలా వాటిలో నక్షత్రాలు ఇవాళ్టి గెలాక్సీల కన్నా ఎన్నో రెట్లు జోరుగా పుట్టాయి. విశ్వం మొత్తం మీద చూస్తే సుమారు 1,000 కోట్ల ఏళ్ల క్రితం నక్షత్రాల పుట్టుక ఇప్పటి కన్నా పది రెట్లు ఉండేది. పైనుంచి పడిన వాయువంతా ముందు వేడెక్కి, తర్వాత తీరిగ్గా చల్లబడి, అప్పుడు లోపలికి చేరాలంటే అంత జోరు కుదరదు.

ఈ ముడి విప్పడానికి మన కాలువలు గుర్తు చేసుకుంటే చాలు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద ఉన్నవారికి బాగా తెలుసు. వాన నీరు చేనంతా పడి, కొంత ఆవిరై, కొంత ఇంకి, మిగిలింది మొక్కకు అందుతుంది. కాలువ నీరు అలా కాదు. గట్ల మధ్య నడిచి నేరుగా మడి దాకా వస్తుంది. విశ్వంలోనూ కృష్ణ పదార్థం సాలెగూడులా దారాలు దారాలుగా అల్లుకుని ఉంది. గెలాక్సీలు ఆ దారాలు కలిసే ముడుల దగ్గర పుట్టాయి. విశ్వం ఇంకా చిన్నగా, చిక్కగా ఉన్న రోజుల్లో ఆ దారాల వెంట వాయువు చిక్కటి పాయలుగా ప్రవహించి, చుట్టూ ఉన్న వేడి వాయువును చీల్చుకుని గెలాక్సీ నడిబొడ్డుకు చేరేది. చిక్కగా ఉన్నది త్వరగా వేడిని వదులుకుంటుంది కాబట్టి దారిలో అది పెద్దగా కాగేది కాదు. 2009లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అవిషాయ్ డెకెల్ బృందం కంప్యూటర్ లెక్కలతో ఈ చల్లని పాయల సంగతి వివరంగా చూపించింది. ఈ చల్లని పాయల వేడి ఎంతనుకున్నారు? పదివేల డిగ్రీలు. చుట్టూ ఉన్నది లక్షల డిగ్రీల్లో ఉంటే పదివేలు చల్లనే మరి. ఆ లెక్క విని మా పాప, “అయితే మన రెంటచింతల ఊటీ అన్నమాట” అంది.

లెక్కల్లో ఉన్నది కంటికి కూడా కనిపించింది. 2019లో జపాన్ శాస్త్రవేత్త హిదెకి ఉమెహాతా బృందం కుంభరాశి దిక్కున ఉన్న ఒక గెలాక్సీల గుంపును చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో చూసింది. ఆ వెలుగు మన దగ్గరికి రావడానికి 1,100 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. అందులో గెలాక్సీలను కలుపుతూ పొడవైన హైడ్రోజన్ పాయలు మసకగా మెరుస్తూ కనిపించాయి. ఆ పాయల మీదే గెలాక్సీలు జోరుగా నక్షత్రాలను కంటున్నాయి.

ఇలాంటి పెద్ద పనులన్నీ చిలీలోనో, అమెరికాలోనో జరుగుతాయని మనం వదిలేస్తాం. ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. తొలి గెలాక్సీల జాడ వెతికిన పరికరాల్లో ఒకదాన్ని మన ఆంధ్రప్రదేశ్‌లోనే పెట్టారు. అది కూడా అప్పటి అనంతపురం జిల్లాలోని టింబక్టు కలెక్టివ్ దగ్గర. బీడు భూమిని పచ్చగా చేసిన పని వల్ల, రైతులతో కలిసి చేసే సేంద్రియ సాగు వల్ల ఆ పేరు మన వ్యవసాయ కుటుంబాల్లో కొందరికి తెలిసే ఉంటుంది.

అక్కడికి ఎందుకు వెళ్లారో చెప్పాలంటే హైడ్రోజన్ గురించి ఒక మాట చెప్పాలి. చల్లని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాన్ని వదులుతుంది. తొలి నక్షత్రాలు పుట్టేనాటి హైడ్రోజన్ వదిలిన తరంగం, విశ్వం సాగుతూ రావడం వల్ల తానూ సాగి సాగి, మన దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర నుంచి ఐదు మీటర్ల పొడవు అవుతుంది. అంటే మన ఎఫ్‌ఎమ్ పాటలు వచ్చే పౌనఃపున్యాలకు అటూ ఇటూ. పైగా మన పాలపుంత చేసే రేడియో హోరు ముందు ఆ గుర్తు పదివేలో వంతో, అంతకన్నా తక్కువో. కల్యాణ మండపంలో బ్యాండు మోగుతుండగా పక్క వీధిలో పడిన గుండుసూది చప్పుడు వినాలన్నట్టు. అందుకే రేడియో గోల తక్కువగా ఉండే చోటు కావాలి.

బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో రవి సుబ్రహ్మణ్యన్, సౌరభ్ సింగ్, వారి తోటివారు కలిసి ‘సరస్’ అనే పరికరం తయారుచేశారు. దాని రెండో రూపాన్నే టింబక్టులో పెట్టారు. 2017లో వచ్చిన ఫలితంలో వాళ్లకు ఆ గుర్తు కనిపించలేదు. కనిపించకపోవడం కూడా ఒక జవాబే. తొలి గెలాక్సీల గురించి అప్పటికి చలామణిలో ఉన్న అంచనాల్లో కొన్నిటిని ఆ ఫలితంతో కొట్టివేయగలిగారు.

తర్వాత మూడో రూపాన్ని 2020 మొదట్లో కర్ణాటకలో చెరువు నీటి మీద, శరావతి నది వెనక జలాల మీద తెప్పలా తేలించారు. పరికరం కింద నేల పొరలు పొరలుగా ఉంటే తరంగాలు తలో రకంగా తిరిగి వస్తాయి. నీరైతే అంతా ఒకటే. అంతకుముందు 2018లో ఆస్ట్రేలియాలో పెట్టిన ఒక అమెరికన్ పరికరం తొలి నక్షత్రాల గుర్తు దొరికిందని ప్రకటించి ప్రపంచమంతా సంచలనమైంది. నీటి మీద తేలిన మన పరికరానికి ఆ గుర్తు కనిపించలేదు. అది ఆకాశం నుంచి వచ్చిందని అనుకోవడానికి లేదని 2022లో మన వాళ్లు ప్రకటించారు. అదే ఏడాది ఆ కొలతలతోనే ఇంకో మాట కూడా చెప్పారు. విశ్వం పుట్టిన 20 కోట్ల ఏళ్ల నాడు రేడియోలో బాగా వెలిగిన గెలాక్సీలు ఉండి ఉంటే, అవి తమలోని వాయువులో 3 శాతం కన్నా తక్కువనే నక్షత్రాలుగా మార్చుకుని ఉండాలి.

3 శాతం అన్నప్పుడు లెక్కలు రాసే నా చెయ్యి ఆగింది. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో వంద కిలోల పత్తి వేస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. మిగతాది గింజ. గెలాక్సీ అనే మిల్లు వందకు మూడు కూడా ఇవ్వదట. మిగతా వాయువు పాడైపోదు. పుట్టిన పెద్ద నక్షత్రాల వెలుగు, వాటి పేలుళ్లు ఆ వాయువును మళ్లీ వేడెక్కించి బయటికి తోస్తాయి. అందులో కొంత తిరిగి చల్లబడి ఎప్పుడో లోపలికి వస్తుంది. ఏ కాలంలోనైనా గెలాక్సీ తన చేతిలో ఉన్నదంతా ఒకేసారి వాడేయలేదు. అలా వాడేస్తే తర్వాత చుక్కలు పుట్టడానికి ఏమీ ఉండేది కాదు, మన సూర్యుడు కూడా ఉండేవాడు కాదు. విశ్వం పుట్టిన 900 కోట్ల ఏళ్లకు గాని సూర్యుడి వంతు రాలేదు.

ఇక ఆ జోరు ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మిగిలింది. 1,000 కోట్ల ఏళ్ల క్రితం పది రెట్లున్న పుట్టుక ఇవాళ ఇంతకు ఎందుకు పడిపోయింది? దీనికి మంచి ఆధారం కూడా మన దేశం నుంచే వచ్చింది. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో జీఎమ్‌ఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టింది. 2020లో ఆదిత్య చౌధురి, నిస్సిమ్ కానేకర్, జయరామ్ చెంగలూర్ ఉన్న బృందం దానితో సుమారు 800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీల్లో హైడ్రోజన్ ఎంత ఉందో మొదటిసారి తూచింది. ఒక్కో గెలాక్సీ నుంచి వచ్చే గుర్తు పరికరానికి అందనంత చిన్నది. అందుకని 7,653 గెలాక్సీల గుర్తులను కలిపి సగటు తీశారు. లారీ కాటా మీద ఒక్క మిరపకాయ పెడితే ముల్లు కదలదు. టిక్కీ నిండా పోసి తూచి, కాయల లెక్కతో భాగిస్తే కాయ బరువు తెలుస్తుంది. అదే పద్ధతి.

తేలింది ఏమిటంటే, ఆ గెలాక్సీల్లో వాయువు చాలానే ఉంది. కానీ అవి నక్షత్రాలు చేస్తున్న జోరుకు ఆ నిల్వ 100 నుంచి 200 కోట్ల ఏళ్లకే సరిపోతుంది. విశ్వం లెక్కలో అది కొద్ది కాలమే. బయటి నుంచి కొత్త వాయువు చాలినంత రాకపోవడం వల్లే ఆ తర్వాత నక్షత్రాల పుట్టుక తగ్గిందని ఆ బృందం అభిప్రాయం. అంటే గెలాక్సీ బతుకు దాని దగ్గర ఉన్న నిల్వ మీద కాదు, వచ్చే రాక మీద నడుస్తుంది.

ఈ మాట చెబితే మా మామగారికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. ఆయనది అద్దంకి బ్రాంచ్ కాలువ చివరి ఆయకట్టు. పత్తి, మిరప వేస్తారు. “నేల మంచి రేగడే. పై నుంచి నీళ్లు రాకపోతే నేలను తిట్టి ఏం లాభం?” అన్నారు. ఆగి ఇంకో మాట కూడా అన్నారు. “వచ్చాయి కదా అని ఒకేసారి పెట్టేసినా తప్పే. మిరప ఉరకెత్తుతుంది.”

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. పిల్లల విషయంలో మనం చూసేది ఎక్కువగా నిల్వనే. ఈ వారం పరీక్షలో ఎన్ని, రాష్ట్రం మొత్తంలో ఎన్నో స్థానం. అవి చూడవద్దని నేను అనను. ఫీజు కట్టే తల్లిగా నేనూ చూస్తాను. కానీ ఈ రెండు నెలల్లో మా పాపలో నేను చూసింది రాకను. మార్కులు లేని ఒక ప్రశ్న కోసం అది అరువు పుస్తకాలు తెచ్చుకుంది, లెక్కల సార్‌ను ఆపి సందేహాలు అడిగింది, లాగరిథమ్‌లు అంటే ముఖం తిప్పుకునే పిల్ల వాటిని తానే నేర్చుకుంది. అది ఎక్కువగా జరిగింది ఆదివారం సాయంత్రాల్లో, ఏ పరీక్షా దగ్గర లేనప్పుడు. పిల్ల ఆ రోజంతా పడిన ఒత్తిడి దిగాక, నింపాదిగా ఉన్నప్పుడు.

మా ఇంట్లో వాదన ఇంకా తేలలేదు. మా వారి ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికాం. ఈ దారి పొడుగు. ఐదేళ్ల డిగ్రీ, ఆ తర్వాత పీహెచ్‌డీకి ఇంకో ఐదారేళ్లు. పాతికేళ్లకే జీతం తెచ్చే చదువు కాదు. నాకు, మా వారికి వచ్చే జీతాలతో ఆ పొడుగు చిన్న విషయం కాదు. చిన్నవాడు కూడా వెనకే వస్తున్నాడు. మరోవైపు తిరుపతిలో 2015 నుంచి ఐసర్ నడుస్తోంది. సైన్స్ చదవాలంటే పిల్లను వేరే రాష్ట్రానికే పంపాలన్న రోజులు పోయాయి. జీఎమ్‌ఆర్‌టీని నడిపే పుణె సంస్థకు చెందిన రాశీ జైన్ అనే పరిశోధక విద్యార్థిని, తన గైడు యోగేశ్ వాడదేకర్‌తో కలిసి, జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో ఒక గెలాక్సీని గుర్తించి దానికి ‘అలకనంద’ అని పేరు పెట్టింది. విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసప్పటికే అది మన పాలపుంతలా చక్కటి సుడి చేతులతో ఉంది. ఏటా సుమారు 60 సూర్యుళ్లంత వాయువును నక్షత్రాలుగా మారుస్తోంది. మన పాలపుంత చేసేది ఏటా ఒకటి రెండు సూర్యుళ్లంత. ఆ వార్త వచ్చిన రోజు మా పాప దాన్ని కత్తిరించి అలమరా తలుపు మీద అంటించింది. మా వారు చూశారు, తీసేయమనలేదు.

ప్రస్తుతానికి కుదిరిన ఒప్పందం ఇది. ఇంటర్‌లో ఎంపీసీ ఎటూ తప్పదు. జేఈఈ రాస్తుంది, ఐసర్ ప్రవేశ పరీక్షా రాస్తుంది. రెండూ చేతికొచ్చాక మళ్లీ కూర్చుంటాం. అప్పుడు ఏం తేలుతుందో నాకు తెలియదు. అప్పటిదాకా ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఆమెవి. ఆ గంటల్లో ఏం చదివావని మేం అడగం. ఇది మొదట్లో కష్టంగానే ఉంది. టీవీ ముందు కూర్చుని ఉంటే లేచి వెళ్లి గదిలోకి తొంగి చూడాలనిపిస్తుంది. మా వారూ నేనూ ఒకరినొకరు ఆపుకుంటున్నాం.

మీ పిల్లలకు కూడా ఈ విషయం చూపించాలనుకుంటే పరికరాలేవీ అక్కర్లేదు. డిసెంబరులో రాత్రి తొమ్మిదింటికి మేడ మీదికి వెళ్లి తూర్పు వైపు చూడండి. ఒకే వరసలో దగ్గర దగ్గరగా మూడు చుక్కలు కనిపిస్తాయి. అది ఓరియన్ నడుము. వాటికి కొద్ది దూరంలో, దక్షిణంగా, మసకగా ఒక చుక్క ఉంటుంది. మామూలు బైనాక్యులర్‌తో చూస్తే అది చుక్క కాదని, చిన్న పొగ మరకలా ఉందని తెలుస్తుంది. మనకు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాయు మబ్బు అది. కనిపించే వెలుగు అప్పటికే పుట్టిన చుక్కలది. దాని వెనక కంటికి కనిపించని చల్లటి చీకటి మబ్బులో ఇంకా చుక్కలు తయారవుతున్నాయి. ఫిబ్రవరిలో మిరప కల్లాల దగ్గర రాత్రి కాపలా పడుకునే వాళ్లకు అది నడినెత్తి మీదే ఉంటుంది. ఊళ్లో తాతగారో, మామయ్యో కల్లం కాసేవారుంటే ఒక రాత్రి పిల్లల్ని అక్కడికి పంపండి. వీధి దీపాలుండవు, బాగా కనిపిస్తుంది. దుప్పటి మాత్రం ఇచ్చి పంపండి, తెల్లవారుజామున మంచు పడుతుంది.